కొట్టేసిన దీర్ఘం

ప్రూఫ్‌రీడరు ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అన్నగారిని చూడటానికి బయలుదేరాడు. ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. మధ్యాహ్నం ఈ ఊరి ఆస్పత్రిలోనే అన్నగారి గుండెకు ఆపరేషన్. అది ఎటుపోయి ఎటొచ్చినా, ముందు ఒక్కసారి పలకరించకపోతే బతికినన్నాళ్ళూ మనసు పీకుతూనే ఉంటుందని అతని భయం.

చెప్పుల్లో కాలు పెట్టేసరికి ఫోనులో అన్నగారి మెసేజి వచ్చింది. "ఆస్పత్రిలో ఉన్నాను. నువ్వు రారాదూ."

కోడిగుడ్డుకు ఈకలు పీకడమే వృత్తిగా ఇరవై ఏళ్ళు అచ్చాఫీసులో గడిపిన కళ్ళు ముందుగా ఆ చివరి దీర్ఘాన్ని కొట్టేశాయి. అన్నగారికి చిన్నప్పటినుంచీ హ్రస్వదీర్ఘాల తేడా తెలియదు మరి. మిగిలింది "రారాదు". అంటే గడప తొక్కకూడదని. చావుబతుకుల్లో కూడా పంతమేనా అని కడుపు మండింది, కళ్ళు చెమర్చాయి. "సరే, రాను" అని జవాబిచ్చి చొక్కా విప్పేశాడు.

రెండు నిమిషాల్లో వదినగారు ఫోను చేసింది.

"మనిషన్నవాడు అలా అంటాడా?"

"అన్నది నేను కాదు వదినా, అన్నయ్యే. అంత మాట అన్నాక ఏ మొహం పెట్టుకుని రాను?"

"ఆయన బతిమాలుకుంటే మీకు అంత మాటయిందా?" అని ఆవిడ పెట్టేసింది.

బతిమాలడమేమిటో అర్థంకాక అతను మెసేజి భార్యకు చూపించాడు. ఆవిడ దీర్ఘంతో సహా పైకి చదివింది.

"బావగారు రమ్మంటున్నారండీ. రావచ్చుగా అని. ఇరవై ఏళ్ళుగా అత్తారి ఊళ్ళో ఉంటున్నారాయె. వాళ్ళు అలాగే పిలుస్తారు."

"మా వైపు రారాదంటే రాకూడదనే."

"పిలిచింది మీ వైపు నుంచి కాదుగా."

తను పట్టిన కుందేలుకు నాలుగో కాలు కనబడింది. చొక్కా తిరగేసి తొడుక్కుని, ఇంటికి తాళం వేసి, భార్యతో ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాడు. వార్డులో మంచం ఖాళీ. పక్కనే వదినగారు ఏడుస్తోంది.

"ఎప్పుడు పోయాడు?" అన్నాడు.

"అరగంటయింది. మీరు రానన్నారని తనే మీ ఇంటికి పోయారు. ఎంత చెప్పినా వింటేనా."

మళ్ళీ ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి అన్నగారు తాళం వేసిన తలుపు ముందు, ఆస్పత్రి బట్టల్లో, మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతున్నారు. తమ్ముడు పక్కన కూలబడి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

చెప్పకుండా లేచిపోయిన రోగికి డాక్టరు చివాట్లు పెట్టి, ఆపరేషన్ నెల తర్వాతకు తోసేశాడు. అందాకా తన ఇంట్లోనే ఉండాలని తమ్ముడు పట్టుబట్టి ఉంచుకున్నాడు. మూడోనాడు భోజనాల దగ్గర అన్నగారి మాటలో ఒక తప్పు దిద్దాడు.

ఆపరేషన్ వరకూ ఇద్దరికీ మళ్ళీ మాటల్లేవు.