వేలెడు బూడిద

ఆ రోజు పొద్దున ఆవిడ పెట్టుకున్న పని ఒక్కటే, పరుపులు ఎండలో వేయడం. ఇంతకంటే ప్రమాదం లేని పని ఇంట్లో ఇంకోటి లేదని ఆవిడ నమ్మకం. అయినా కీడెంచి మేలెంచాలి కాబట్టి, మబ్బు పడుతుందేమోనని ఆకాశం ఒకసారి, పరుపు మోస్తూ వాళ్ళాయన జారిపడతారేమోనని మేడమెట్లు ఒకసారి చూసుకుంది. ఆకాశం బాగానే ఉంది. మెట్లూ బాగానే ఉన్నాయి. అప్పుడు ఫోను మోగింది.

అత్తవారింటి నుంచి కూతురు. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. కూతురు గొంతు తగ్గించిందంటే ఆవిడకు ముందు గుండె జారుతుంది, తరవాతే మాట వినబడుతుంది.

"అమ్మా, మా మావయ్యగారు చుట్టలు చుట్టే షెడ్డు కొంటున్నారు."

"చుట్టలా? ఆయన కాల్చరు కదే!"

"కాల్చరు. అమ్ముతారట. చవకరకం చుట్టలు. ఈ ఇల్లు తాకట్టు పెట్టి మరీ కొంటారట. షెడ్డు ఓనరుని వెంటబెట్టుకుని ఇప్పుడు మీ ఇంటికే బయల్దేరారు. నాన్న ఒక చుట్ట కాల్చి బాగుందంటే అక్కడే సంతకం పెట్టేస్తారట."

"మీ నాన్నా? కాల్చడమా? పక్కన అగ్గిపుల్ల గీస్తేనే ఆయనకు దగ్గొస్తుందే!"

"మరి మా పెళ్ళిలో మావయ్యగారు పొగాకు వ్యాపారం గురించి చెబుతుంటే నాన్న కూర్చున్నంతసేపూ తల ఊపారట. చుట్టల గురించి అంత తెలిసినాయన ఇంకొకరు లేరని మావయ్యగారు నమ్మేశారు. అమ్మా, ఎలాగోలా బాగాలేదని చెప్పించవే. నీకు పుణ్యం ఉంటుంది."

ఆవిడ ఫోను కింద పెట్టేలోగా ఆ ఇల్లు వేలంలో పోయింది, కూతురూ అల్లుడూ సామానుతో సహా వీధిన పడ్డారు, వాన మొదలైంది, వాళ్ళ చంటిదానికి జలుబు చేసి గుండెల్లోకి దిగింది. పరుపుల సంగతి మరిచిపోయి ఆవిడ భర్త దగ్గరికి పరిగెత్తింది.

ఆయన బళ్ళో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయిన మనిషి. ఆయన ఉత్తచేత్తో గీత గీస్తే, పిల్లలు దాని మీద స్కేలు పెట్టి, స్కేలు వంకరగా లేదు కదా అని చూసుకునేవాళ్ళు. అంత నిలకడైన చెయ్యి. నోటికి మాత్రం ఆ నిలకడ లేదు. ఎదుటివాడి మొహం మీద కాదు అనడం ఆయన పుట్టి బుద్ధెరిగి చేయలేదు. దర్జీ ఒక చెయ్యి పొడుగ్గా, ఒక చెయ్యి పొట్టిగా చొక్కా కుడితే, చాలా బాగుంది బాబూ అని తెచ్చుకుని, అది చిరిగిపోయేదాకా ఒక భుజం వంచుకుని తిరిగారు.

"ఏమండీ, ఆ చుట్ట బాగాలేదని చెప్పాలి మీరు."

"వియ్యంకుడితోనా? మొహం మీదా?"

"పోనీ, ఆయన అటు తిరిగినప్పుడు వీపు మీద చెప్పండి!"

"బాగాలేకపోతే చూద్దాంలే."

"బాగున్నా చెప్పాలి! మనమ్మాయి నెత్తిన నీడ ఉంటుందా పోతుందా అన్నది మీ నోట్లో ఉంది ఇవాళ."

మాస్టారు అలవాటుగా తల ఊపారు. ఆ ఊపు చూసి ఆవిడకు ఇంకా భయం వేసింది.

వీధిలో ఆటో ఆగింది. ముందు వియ్యంకుడి నవ్వు లోపలికి వచ్చింది, వెనకాల ఆయన వచ్చారు. ఆయన వెనకాల చంకలో తోలుసంచీతో ఓ సన్నపాటి మనిషి, షెడ్డు ఓనరు. వియ్యంకుడు చెక్కపెట్టె తెరిచి బల్ల మీద పెట్టారు. లోపల నల్లటి చుట్టలు, నడుముకి తళతళలాడే కాగితం పట్టీలు.

"ఈ చుట్టలేనా అన్నయ్యగారూ?" అంది ఆవిడ.

"చుట్ట అనకండి చెల్లెమ్మా, సిగార్ అనండి. ధర చుట్టది, దర్జా సిగార్ది. బావగారి నోట ఒక్కమాట వస్తే చాలు."

"మాట కూడా అక్కర్లేదండీ," అన్నాడు ఓనరు. "రుచిదేముంది, ఎవరి నోటికి వారిది. బూడిద మాత్రం అబద్ధమాడదు. ఆకు మంచిదై, చుట్టడం కుదిరితే, వేలెడు బూడిద రాలకుండా నిలబడుతుంది. చేత్తో తట్టకూడదు, విదిలించకూడదు. దానంతటది రాలిందా, నా కాగితాలు నేను చంకలో పెట్టుకుని పోతాను."

ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మాస్టారు ఎవరినీ ఏమీ అనక్కర్లేదు! చవక చుట్ట, బూడిద ఎంతసేపు నిలుస్తుంది? తనే అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చింది. తెచ్చాక, ఆయన గుండె తట్టుకుంటుందో లేదోనని చెంబుతో నీళ్ళు, తడిగుడ్డ, అమృతాంజనం కూడా తెచ్చి పక్కన పెట్టుకుంది.

మాస్టారు మొదటి దమ్ము లాగారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దగ్గు గొంతుదాకా వచ్చింది, కానీ వియ్యంకుడి ఎదుట దగ్గితే ఆయన సరుకుని తప్పు పట్టినట్టవుతుందని మింగేశారు.

"ఆనందబాష్పాలు!" అన్నారు వియ్యంకుడు. "ఏం తగులుతోంది బావగారూ నాలిక్కి?"

కూతురి ఇల్లు గుర్తొచ్చి మాస్టారు ధైర్యం చేశారు. "తోలండీ."

"ఎలాంటి తోలు?"

"వాడిన తోలు. చెప్పులాంటిది... బాగా నడిచిన చెప్పు."

ఓనరు తొడ చరిచాడు. "అనుభవమంటే అదీ! పెద్దపెద్దవాళ్ళు తోలు దాకా వస్తారుగానీ, చెప్పు దాకా రాలేరండీ!"

"ఇంకా?" అన్నారు వియ్యంకుడు, ముందుకు జరిగి.

"తడిసిన గోనె. కాలిన రబ్బరు. ఆ చివర్న... ఎలకలాంటిదేదో."

"ఎన్ని రుచులు! ఒక్కదాంట్లో ఎన్ని రుచులు!"

నిజం చెప్పేకొద్దీ అది పొగడ్త అవుతుంటే మాస్టారు ఇక మాట్లాడడం మానేశారు. అప్పటికి బూడిద గోరంత లేచింది. నిటారుగా, సున్నం వేసినట్టు తెల్లగా నిలబడి ఉంది. ఆ చేతిలో ముప్ఫై ఏళ్ళు కుంచె వణకలేదు, చుట్ట ఎందుకు వణుకుతుంది? ఆవిడకు అప్పుడు వెలిగింది తను చేసిన పొరపాటు. మంచినీళ్ళు ఇచ్చే వంకన వంగి ఆయన చెవిలో గొణిగింది.

"చెయ్యి వణికించండి."

"వణకట్లేదే."

"నా మొహం చూసి భయపడండి."

"రోజూ చూసేదేగా, అలవాటైపోయింది."

ఇక లాభం లేదని ఆవిడ వెళ్ళి ఫ్యాను ఆఖరి అంకె మీద పెట్టింది. క్యాలెండరు గోడ దిగి వెళ్ళిపోయింది. పేపరు విచ్చుకుని ఓనరు మొహానికి అతుక్కుంది. కిటికీ తెర లేచి వియ్యంకుణ్ణి పెళ్ళికూతురికి ముసుగు వేసినట్టు కప్పేసింది. బూడిద మాత్రం చెక్కుచెదరలేదు.

"గాలికి కూడా నిలబడింది!" అన్నారు వియ్యంకుడు తెరలోంచి.

ఆవిడ వంటింట్లోకి పోయింది. బాణలి పొయ్యి మీద పెట్టి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి, సెగ పెంచింది. ఆ ఘాటుకి తుమ్మనివాడు మనిషి కాడు. ఒక్క తుమ్ము, అంతే, బూడిదా ఉండదు, తాకట్టూ ఉండదు. ముందు ఆవిడే తుమ్మింది. తరవాత ఓనరు తుమ్మాడు. వియ్యంకుడు తుమ్మిన తుమ్ముకి గడియారం ఆగిపోయింది. మాస్టారు మాత్రం ఏ ఘాటూ తగలనట్టు కూర్చున్నారు. ఆ ముక్కు రెండో దమ్ముకే చచ్చిపోయిందని అక్కడ ఎవరికీ తెలియదు.

"చూశావటయ్యా!" అన్నారు వియ్యంకుడు ముక్కు తుడుచుకుంటూ. "మనమిద్దరం చస్తున్నాం. బావగారికి చీమ కుట్టినట్టు కూడా లేదు. పొగ అంత చల్లగా ఉందన్నమాట!"

ఇంతలో ఆ చుట్ట పొగా, ఈ మిరపకాయల పొగా కలిసి కిటికీలోంచి వీధిలోకి వెళ్ళాయి. పక్కింటావిడ అది చూసింది. ఇల్లు అంటుకుందనుకుంది. "వదినగారూ! భయపడకండి, వస్తున్నా!" అని కేక పెడుతూ, గుడ్డలు నానేసిన బకెట్టు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. గదిలో పొగ వస్తున్న చోటు ఒక్కటే కనబడింది. గురి చూసి బకెట్టు మొత్తం మాస్టారి నెత్తిన గుమ్మరించింది.

సబ్బునీళ్ళు మాస్టారి తల మీంచి కారాయి. ఒక లోపలి బనీను భుజాన వేలాడింది. చుట్ట పట్టుకున్న చెయ్యి మాత్రం జెండాకర్రలా నిలువునా పైకి లేచి ఉంది. వాన పడ్డప్పుడు బొమ్మ తడవకుండా పైకెత్తి పట్టుకునే అలవాటు ఆయనది. చెయ్యి పొడిగానే ఉంది. చుట్ట కాలుతూనే ఉంది. బూడిద నిండా వేలెడై నిలబడి ఉంది.

"ఎందుకండీ పైకెత్తారూ!" అని ఆవిడ ఏడుపు గొంతుతో అంది.

"నువ్వు ఏదో అంటున్నావు, చెవుల్లో నీళ్ళు పోయాయి," అన్నారు మాస్టారు.

ఓనరు లేచి నిలబడ్డాడు. "గాలి, ఘాటు, వరద. మూడూ గెలిచింది సార్, మీ సిగార్!" తోలుసంచీలోంచి కాగితాలు వచ్చాయి. వియ్యంకుడి జేబులోంచి పెన్ను వచ్చింది. పక్కింటావిడ ఏం జరుగుతోందో తెలియక చప్పట్లు కొట్టింది.

ఆవిడ కళ్ళ ముందు మళ్ళీ వాన మొదలైంది. పెన్ను మూత ఊడింది. ఆ క్షణంలో ఆవిడకు ఒక సంగతి తట్టింది. ఇంత జరిగింది, ఇంత పొగిడారు, కానీ ఈ గదిలో ఆ చుట్ట రుచి తెలిసిన నోరు ఒక్కటే. ఆ నోరేమో చచ్చినా చెప్పదు. ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుని చెక్కపెట్టె చేతిలోకి తీసుకుంది.

"అన్నయ్యగారూ, అంత పెద్ద పని మొదలుపెడుతున్నారు, మా ఇంట్లో మీరు నోట ఏమీ పెట్టకుండా సంతకం చేస్తారా? ఒక్కటి కాల్చండి."

"అబ్బే, నాకు అలవాటు లేదు చెల్లెమ్మా."

"మీ బావగారికి మాత్రం ఉందా, మీ మాట కాదనలేక గానీ? ఈ చెల్లెలి మాట అంత తీసిపోయిందా?"

వియ్యంకుడు ఇబ్బందిగా నవ్వారు. వియ్యపురాలి చేతిలోది కాదంటే రేపు కోడలి మొహం ఎలా చూడాలి? చుట్ట నోట పెట్టుకున్నారు. ఆవిడ పుల్ల గీసింది.

"మీరూ తీసుకోండి బాబూ," అంది ఓనరుతో.

"నాకా? వద్దండీ, వద్దు," అని ఓనరు రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు ఇంట్లో పిల్లలున్నారు."

వియ్యంకుడు ఆ మాట విన్నారు, కానీ అప్పటికే గుండెల నిండా లాగేశారు. కొంచెంసేపు ఏమీ జరగలేదు. తరవాత ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. మొహంలో రంగు ఒకటి పోయి ఒకటి వచ్చింది. లేచారు, కూర్చున్నారు, మళ్ళీ లేచి పెరట్లోకి పరిగెత్తారు. అక్కణ్ణుంచి వచ్చిన చప్పుళ్ళకు పక్కింటావిడ ఖాళీ బకెట్టు పట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది.

గోడ పట్టుకుని తిరిగొచ్చేసరికి ఓనరూ లేడు, తోలుసంచీ లేదు. కాగితాలు మాత్రం బల్ల మీద ఉన్నాయి. వియ్యంకుడు వాటితో మూతి తుడుచుకున్నారు.

"ఇంత చండాలంగా ఉంటే ఒక్కమాట చెప్పరేం బావగారూ! ఇల్లు పోయేది కదా!"

"చెప్పాను కదండీ," అన్నారు మాస్టారు మెల్లగా. "చెప్పు అన్నాను, గోనె అన్నాను. ఎలక కూడా అన్నాను."

ఎవరూ చూడనప్పుడు బూడిద దానంతటది రాలి నేల మీద పడింది.

సాయంత్రం కూతురు ఫోను చేసింది. ఈసారి గొంతు తగ్గించలేదు. "అమ్మా, ఇల్లు తాకట్టు లేదు, షెడ్డూ లేదు! మా మావయ్యగారు ఎంత తెలివైనవారే! ఒక్క దమ్ముతో సరుకు చెడ్డదని కనిపెట్టేశారట. చుట్టంతా కాల్చినా నాన్నకి ఏమీ తెలియలేదట కదా!"

"అవునే తల్లీ, మీ నాన్నకి ఏం తెలుసు," అంది ఆవిడ.

మాస్టారు అప్పుడు నాలుగోసారి పళ్ళు తోముకుంటున్నారు.