ఓపిక ఉన్నవాళ్ళ జాబితా

ఆ గురువారం ఉదయం అడెల్మో వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు తాయిస్‌ని బడిలో దింపాలి, చెప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళి కొత్త మోడల్ మడమలు చూడాలి, సాయంత్రం వస్తూ బొగ్గులు కొనాలి. శనివారం ఎలాగైనా సరే, సెప్టెంబరు నుంచి ఫ్రీజర్లో పడి ఉన్న పక్కటెముకల మాంసాన్ని బాల్కనీలో కాల్చుకు తినాలి. బ్రెజిల్ దక్షిణాన పుట్టినవాడికి నిప్పు మీద కాల్చిన మాంసం లేకుండా నాలుగు నెలలు గడవడమంటే మాటలు కాదు. కానీ ఏ శనివారం చూసినా ఏదో ఒక బడి పని వచ్చి పడుతోంది.

"చూడు, ఈ శనివారానికి కూడా ఏదో ఒకటి తగిలించుకొస్తావు," అంది భార్య రొజాని, సొరకాయ బుర్రలో మాతె అనే తమ ఊరి టీ ఆకు మీద వేడినీళ్ళు పోస్తూ.

"తగిలించుకోవడమేమిటి? బడివాళ్ళతో కలిసిరావాలి కదా!"

ఆ కలిసిరావడమే అతని కొంప ముంచుతోంది, పాపం.

చైనాలోని దోంగ్వాన్‌లో చెప్పుల పని చేయించే బ్రెజిల్ కుటుంబాలకు తిండికీ ఇంటికీ లోటు లేదు. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికే ప్రతి ఇంట్లోనూ తగువు. విదేశీ పిల్లల బడి ఉంది కానీ పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర బస్సులో పడి పోవాలి. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి సొంత దేశం పాఠాలు చెప్పించవచ్చు. కానీ పక్కింటి బ్రెజిల్ కుర్రవాడు అలా చదివి చదివి, మనిషి కనబడితే సోఫా వెనక్కి పోతున్నాడు. మిగిలింది సందు చివరి మామూలు చైనా బడి. నర్సరీ ఇక్కడే చదివి భాష పట్టేసిన ఏడేళ్ళ తాయిస్, ఎదురింటి వెన్‌వెన్‌తో కలిసి ఆ బడికే పోతానని మొండికేసింది. నాలుగో దారి రొజానిది. తల్లీకూతుళ్ళు ఊరికి వెళ్ళిపోవడం, అడెల్మో ఇక్కడుండి ఫోనులో ముద్దులు పంపడం. ఆ మాట వింటేనే అతనికి ముద్ద దిగేది కాదు.

సెప్టెంబరులో క్లాసు టీచరు లియాంగ్ సూటిగానే చెప్పింది. "ఒక టర్మ్ చూస్తాం. పిల్ల చురుకైనదే. తల్లిదండ్రులు కూడా బడితో కలిసిరావాలి. సీటు సంగతి టర్మ్ అయ్యేలోగా చెబుతాం."

బయటికి రాగానే రొజాని కూడా సూటిగానే చెప్పింది. "సీటు రాలేదో, నేనూ పిల్లా విమానం ఎక్కేస్తాం."

అడెల్మోకు చైనా మాట ఫ్యాక్టరీకి సరిపడా వచ్చు. జిగురు, అట్ట, మడమ, బాగోలేదు, మళ్ళీ చెయ్యి. చదవడం మాత్రం బొత్తిగా రాదు. ఫోనులో తల్లిదండ్రుల గ్రూపు ఉంది, అందులో అతని పేరు 'తాయిస్ నాన్న'. టీచరు ఏది పెట్టినా అందరూ 'అందింది' అని రాస్తారు. ఆ ఒక్క ముక్కా నేర్చుకుని, అందరికన్నా ముందే రాసేవాడు.

తంటా అంతా జాబితాలతో వచ్చింది. ఒకరి కింద ఒకరు అంకె వేసి పేరు చేర్చుకుంటూ పోయే జాబితాకు చైనావాళ్ళకొక మాట ఉంది. ఒక్కరే కూర్చుని ఆడుకునే పేకాటకూ అదే మాట. పోర్చుగీసులోనేమో ఆ పేకాటకూ ఓపికకూ ఒకటే మాట. దాంతో టీచరు జాబితా పెట్టినప్పుడల్లా అడెల్మో ఫోను ఆ మొదటి మాట ఒక్కటే అనువదించి 'తల్లిదండ్రులారా, ఓపిక!' అని చెప్పేది. పాపం, ఈవిడ ఎంత నలిగిపోతోందో అనుకుని, తనకు ఓపిక ఉందని తెలిసేలా అతను కూడా కింద అంకె వేసి పేరు రాసేవాడు.

మొదటిసారి రాసిన మర్నాడు, బడి గేటు దగ్గర వెన్‌వెన్ నాయనమ్మ అతనికి పసుపు కోటు తొడిగి, చేతిలో ఈల పెట్టింది. "నువ్వెంత మంచోడివయ్యా తాయిస్ నాన్నా! మా వాడున్నాడు, కన్నకొడుకు, పిలిచినా రాడు," అంది. అడెల్మో వారం రోజులు స్కూటర్లను ఆపి పిల్లల్ని రోడ్డు దాటించాడు. ఇదంతా తన ఓపికకు పెట్టిన పరీక్ష అని అర్థమైపోయింది అతనికి.

రెండో జాబితా తర్వాత తాయిస్‌కు బడిలో మధ్యాహ్నం భోజనం ఆగిపోయింది. పిల్ల ఓపికను కూడా చూస్తున్నారు కాబోలు అనుకుని నోరెత్తలేదు. వెన్‌వెన్ నాయనమ్మే ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్ళి, ఆవిరి మీద ఉడికించిన గుడ్డూ అన్నమూ పెట్టేది. మూడో జాబితాలో పేర్లే లేవు. ఎవరికీ ఓపిక లేని చోట తనొక్కడే మొదటి అంకె వేశాడు. ఆ శుక్రవారం అతన్ని ఒక గదిలోకి పిలిచి, అరగంట ఏదో మాట్లాడి, చప్పట్లు కొట్టారు. గంగిరెద్దులా తలూపి వచ్చాడు. తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడయ్యానని అతనికి నాలుగో శనివారానికి గానీ తెలియలేదు.

ఇదిగో, ఈ గురువారం మళ్ళీ తన వంతు వచ్చి గేటు దగ్గర ఈల ఊదుతుండగా ఇంకో జాబితా వచ్చింది. మూడే పేర్లున్నాయి. అడెల్మో నాలుగో అంకె వేసి, 'తాయిస్' అని రాసి, ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం లియాంగ్ టీచరు ఫోన్ చేసింది. నాలుగింటికి రమ్మంది, తాయిస్ తల్లి కూడా వస్తే మంచిదంది. సీటు పోయిందనుకున్నాడు అడెల్మో. రొజాని చెప్పులు వేసుకుని అతనికన్నా ముందే గుమ్మం దాటింది.

టీచరు ముఖం వాడిపోయి ఉంది. పక్కనే తాయిస్ సంచి తగిలించుకుని, అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెప్పడానికి నిలబడింది.

"తాయిస్ నాన్నగారూ, మా వల్ల ఏం తప్పు జరిగింది?"

"అది నేనడగాల్సిన మాట టీచర్‌గారూ!"

"గేటు దగ్గర ఎక్కువసేపు నిలబెట్టేశామా?"

"ఇంకా నిలబడతాను. వానలో కూడా నిలబడతాను."

"మరి వెళ్ళిపోతున్నారేం?"

"ఎవరు?"

టీచరు ఫోను ముందుకు జరిపింది. అతనికి చుక్కలూ గీతలే కనిపించాయి. తాయిస్ తల వంచి, ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. "వచ్చే టర్మ్ నుంచి... మన బడికి రాని పిల్లలు. నాలుగు, తాయిస్." దాని కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "నాన్నా, నన్నెందుకు పంపించేస్తున్నావ్?"

"పంపించడమేమిటే తల్లీ! నాకు ఓపిక ఉందని రాశాను!"

"ఓపికా?" అంది టీచరు.

అతను తన ఫోను తీసి అనువాదం చూపించాడు. తాయిస్ ముక్కు ఎగబీలుస్తూ పాత జాబితాలన్నీ పైకి జరిపి చదవడం మొదలుపెట్టింది. "ఇది గేటు దగ్గర నిలబడేవాళ్ళది. ఇది బడి భోజనం వద్దనేవాళ్ళది. ఓహో, అందుకా! ఇది అధ్యక్షుడిగా ఉంటామనేవాళ్ళది. నీ ఒక్కడి పేరే ఉంది నాన్నా."

"మరి ఇదంతా సీటు కోసం పరీక్ష కాదా?" అన్నాడు అడెల్మో నీరసంగా.

"సీటు నవంబరులోనే ఖాయమైంది కదండీ! గ్రూపులో పెట్టాను. నిమిషంలో మీరే 'అందింది' అన్నారు."

రొజాని మొగుడి వంక చూసిన చూపును ఇక్కడ వర్ణించడం అనవసరం.

"అయిదింటికి ఈ జాబితా ప్రిన్సిపాల్‌గారికి వెళ్ళిపోతుంది," అంది టీచరు గడియారం చూస్తూ. "ఆ సీటు కోసం పదకొండుమంది కాచుకుని ఉన్నారు. పొరపాటని ఇప్పుడే గ్రూపులో రాసెయ్యండి."

అడెల్మో ఫోను అందుకున్నాడు. అతనికి వచ్చింది 'అందింది' ఒక్కటే. తాయిస్ ఫోను లాక్కుంది. పెదవి కొరుక్కుంటూ, రెండు అక్షరాలు చెరిపి మళ్ళీ రాసి, ఒక వాక్యం పూర్తిచేసింది. టీచరు అది చదివి నవ్వింది.

"ఏం రాశావే?" అంది రొజాని.

"తాయిస్ ఎక్కడికీ వెళ్ళదు. వాళ్ళమ్మ కూడా వెళ్ళదు."

"నన్నడక్కుండానే?"

"అడిగితే వెళ్దామంటావుగా!"

రొజాని ఆ గీతల వంక చూసింది. తనకు ఒక్కటీ తెలియని అక్షరాల్లో తన కూతురు తన పేరు కూడా కలిపి రాసుకుంది. ఆవిడకు కోపం వచ్చింది, కోపం వెనకాలే ఏడుపు, దాని వెనకాల నవ్వు వచ్చాయి. విమానం సంగతి ఇక ఎత్తలేనని ఆవిడకు తెలిసిపోయింది.

"సరే, పంపు," అంది. తర్వాత టీచరు వైపు తిరిగి, "టీచర్‌గారూ, నన్ను కూడా గ్రూపులో చేర్చండి. ఇకమీదట ఈయన దేంట్లోనూ వేలు పెట్టడు," అంది. తాయిస్ ఆ మాటను చైనాలోకి మార్చి చెప్పింది.

ఇంటిదారిలో తాయిస్, గేటు దగ్గర కాచుకుని ఉన్న వెన్‌వెన్‌తో కలిసి ముందుకు పరుగెత్తింది. ఇంతలో రొజాని ఫోను మోగింది. కొత్త జాబితా వచ్చింది. చూస్తుండగానే పేర్లు పది, ఇరవై, ముప్పై అయిపోయాయి.

"తాయిస్‌ని పిలిచి అడుగుదాం," అన్నాడు అడెల్మో.

"అడిగేదేం లేదు. ఎందులోనూ పేరు రాయకపోతే ఏ గొడవా ఉండదు. నువ్వు రాసి రాసి పడ్డది చాలు. వెళ్ళి బొగ్గులు తీసుకురా."

బొగ్గులు వచ్చాయి. మాంసం ఫ్రీజర్లోంచి బయటికి వచ్చింది. భోజనాల దగ్గర తాయిస్ తల్లి ఫోను తిరగేస్తూ అడిగింది. "అమ్మా, ఇందులో మన క్లాసువాళ్ళందరూ రాశారు, మనమొక్కళ్ళమే రాయలేదేం?"

"ఏముందే అందులో?"

"రేపు పొద్దున క్లాసు కిటికీలు తుడవడానికి రాలేనివాళ్ళు పేర్లు రాయాలట. గడువు ఆరింటికే అయిపోయింది."

అడెల్మో లేచి మాంసాన్ని మళ్ళీ ఫ్రీజర్లో పెట్టాడు. శనివారం భార్యాభర్తలిద్దరూ మూడో అంతస్తులో పన్నెండు కిటికీలు తుడిచారు. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఓపిక పట్టింది పక్కటెముకల మాంసమే.