టబ్బు తాకని వేలు

మనిషి రక్తంలో ఏమున్నదో అతని భార్యకు తెలియవలసిన అవసరమేమిటి?

పందొమ్మిది వందల డెబ్బై మూడులో ఒక శనివారం, గోదావరిఖనిలో దవాఖాన మెట్లు కుంటుతూ దిగుతున్న బొగ్గుగని కార్మికుడు జ్ఞానయ్య తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. రక్తంలో యూరిక్ ఆసిడ్ పెరిగిందనీ, అది సన్నని స్ఫటికాలై బొటనవేలి కీలులో చేరిందనీ, ఇట్లాగే సాగితే మూత్రపిండాల్లో రాళ్లవుతాయనీ డాక్టరు చెప్పాడు. కార్జం, బోటి, పాయ, కల్లు మానాలి. నీళ్లు బాగా తాగాలి. అంటే, ఇక ఆదివారంలో మిగిలేది ప్రార్థన ఒక్కటే.

"ఏందయ్యా, గట్ల కుంటుతున్నవ్?" వాకిట్లోనే అడిగింది భార్య ఎలిజబెత్.

"బాయిల టబ్బు తాకింది."

గనిలో పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు మీద నేరం మోపితే అది ఎదురు చెప్పదు.

కానీ ఆ క్వార్టర్ల వరుసలో ఒక ఆచారముంది. గనిలో దెబ్బ తగిలినవాణ్ని ఎవరూ ప్రశ్నించరు, తినిపిస్తారు. పొద్దుగూకేలోపు పక్కింటి సారవ్వ పాయ తెచ్చింది. ఎదురింటి పోశం కార్జం వేపుడు పంపాడు. మొగిలి కల్లు ముంత మోసుకొచ్చాడు. జ్ఞానయ్య కళ్లు మూసి స్తోత్రం చెల్లించి, తెరవకుండానే మొదలుపెట్టాడు.

మర్నాడు ఎలిజబెత్ ఆరాధన నుంచి వచ్చేసరికి వేలు వంకాయంత అయింది. దుప్పటి అంచు తగిలితే కేక. ఈగ వాలితే కీర్తన.

ఆమె అతని డ్యూటీ బూటు పట్టుకొచ్చింది. "ముందట ఇనుప రేకున్నది. గీత గూడ వడలె. లోపల వేలెట్ల నుజ్జయింది?"

"బూటు ఇప్పిన."

"బాయిలనా?"

"చెమట వట్టింది."

"ఒక్క కాలికేనా?"

అంతలో సారవ్వ భర్త, యూనియన్ మనిషి సదయ్య, గాబరాగా వచ్చాడు. "అన్నా, టబ్బు ఇడిసింది మీ బామ్మర్ది మార్కేనట! రేపు ఛార్జిషీటు ఇస్తరట. జల్ది చెప్పు, ఎట్ల తాకింది?"

మార్కు ఎలిజబెత్‌కు ఒక్కగానొక్క తమ్ముడు. కొలువులో చేరి ఏడాదైనా కాలేదు. ఆ కొలువు తన బొటనవేలికి వేలాడుతున్నట్టు కనిపించింది జ్ఞానయ్యకు.

"మార్కు లేడు, టబ్బు లేదు!" అరిచాడు. "నా రక్తంల యూరిక్ ఆసిడ్ పెరిగింది! కార్జం, బోటి మానమన్నడు డాక్టరు!"

"పాయ?" అన్నది ఎలిజబెత్.

"పాయ గూడ."

"కల్లు మరిచినవ్. దవాఖాన నర్సు సుగుణమణి ఆరాధనల నా పక్కనే కూసున్నది."

సదయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "మార్కు సెలవు వెట్టి బెల్లంపల్లి వోయిండన్నా. వదిన చెప్పుమన్నది, చెప్పిన."

తన రక్తంలోని సంగతి తనకంటే వివరంగా భార్యకు తెలిసిన మనిషికి ఏకాంతమెక్కడిది? జ్ఞానయ్య నిర్ణయించుకున్నాడు. మంచం కింద దాచుకున్న పాయ గిన్నెను తీసి సదయ్య చేతిలో పెట్టాడు. ఒంటికాలిపై గెంతుకుంటూ నీళ్ల బిందె దగ్గరికి పోయి, చెంబు ముంచి, ఎలిజబెత్ చూస్తుండగానే గటగటా తాగేశాడు.