ఎవరూ అడగని ఖండన

సోమవారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఆవిడ మూడు వాక్యాలు అప్పజెప్పింది.

"మేడమ్, మా హెడ్ గారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. నేను పదకొండేళ్లుగా ఈ శాఖలో పనిచేస్తున్నాను. ఆ పోస్టు నాకు ఇమ్మని అడుగుతున్నాను."

"మూడోది బాగా లేదు," అన్నాడు లెక్కల మాస్టారైన భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే. "మా క్లాసులో పిల్లలు సెలవడిగినట్టుంది. గట్టిగా అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు."

"ఆ మాట నాకు చెప్పకండి. ఈ రంగంలోకొచ్చే ఆడపిల్లలందరికీ నేనే చెబుతుంటాను."

చెబుతుంది నిజమే. తాను మాత్రం ఎన్నడూ అడగలేదు. ఒక పరుపుల కంపెనీలో మార్కెటింగ్, కమ్యూనికేషన్స్ శాఖ ఆవిడది. డీలర్లకు ఉత్తరాలు, పత్రికలకు ప్రకటనలు, పుకార్లు లేస్తే వాటికి ఖండనలు, అన్నీ ఆవిడే రాస్తుంది. వెనకాల అందరూ తనను ఖండనమ్మ అంటారని కూడా ఆవిడకు తెలుసు. హెడ్ కుర్చీ ఇదివరకు రెండుసార్లు ఖాళీ అయింది. రెండుసార్లూ బయటినుంచి మగవాళ్లను తెచ్చి కూర్చోబెట్టారు, ఆ ఇద్దరికీ పని నేర్పింది ఈవిడే. మూడోసారి కూడా మరొకరికి పని నేర్పే ఓపిక తనకు లేదు. ఎండీ మేడమ్ శుక్రవారం పేరు ప్రకటిస్తుంది. కాబట్టి సోమవారం భోజనం కాగానే వెళ్లి అడిగేయాలని గట్టిగా అనుకుంది.

భోజనాల గదిలో అడుగుపెట్టగానే ఆ గట్టితనం కాస్తా సడలింది. ఎనిమిది నెలల క్రితం శాఖలో చేరిన కొత్తమ్మాయి రోజూ తన పక్కనే కూర్చుని తింటుంది. అలాంటిది ఈవేళ మూల బల్ల దగ్గర హెచ్చార్ మేనేజరుకు ఎదురుగా కూర్చుని, అతను చెబుతుంటే నోటుబుక్కులో రాసుకుంటోంది. ఖండనమ్మ డబ్బా పట్టుకుని అటు వెళ్లింది.

"ఏం రాస్తున్నావమ్మా?"

ఆ పిల్ల పుస్తకం టక్కున మూసేసింది. "ఏం లేదు మేడమ్, ఊరికే."

ఊరికే అన్న మాట మనుషులు ఊరికే అనరని పదకొండేళ్లుగా మాటలతో బతుకుతున్న మనిషికి వేరే చెప్పాలా? ఆ మధ్యాహ్నం ఖండనమ్మ అన్నంతో పాటు మూడు వాక్యాలూ మింగేసింది.

మంగళవారం పొద్దున్నే హెచ్చార్ మేనేజరు గదిలో తల పెట్టి, ఏమీ ఎరగనట్టు అడిగింది. "మా శాఖ గురించి పైన ఏమైనా అనుకుంటున్నారా అండీ?"

అతనికి ఏమీ తెలియదు. కానీ తనకు తెలియని సంగతి కంపెనీలో ఒకటుందని ఒప్పుకుంటే పరువేం కావాలి? కాసేపు పైకప్పు వంక చూసి, "ప్రస్తుతానికి నేనేం చెప్పలేను మేడమ్," అన్నాడు.

చెప్పలేనన్నాడంటే ఏదో ఉన్నట్టేనని ఖాయం చేసుకుంది ఖండనమ్మ. ఆ మధ్యాహ్నం కొత్తమ్మాయి అకౌంటెంటుతో తింది. బుధవారం కంపెనీ లాయరుతో తింది. నోటుబుక్కు సగం నిండింది.

"హెచ్చార్ మేనేజరు మనిషిని తీసేస్తాడు, అకౌంటెంటు లెక్క తేల్చేస్తాడు, లాయరు కాగితం రాస్తాడు. వరస చూశారా?" అంది ఇంటికొచ్చి భర్తతో. "నన్ను పంపించేసి ఆ పిల్లకు కుర్చీ ఇస్తున్నారు."

"కలిసి అన్నం తిన్నారు తల్లీ, అంతేగా?"

"పదకొండేళ్లలో ఆ లాయరు నన్ను ఒక్కరోజు తన బల్ల దగ్గర కూర్చోమనలేదు."

"నువ్వెప్పుడైనా వెళ్లి కూర్చున్నావా?"

ఖండనమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు ఆ పూట కాస్త గట్టిగా చప్పుడు చేశాయి.

ఈలోగా ఆవిడ వేసిన ప్రశ్న తన పని తాను చేసుకుపోతోంది. ఖండనమ్మ అంతటిది వచ్చి అడిగిందంటే ఏదో ఉండే ఉంటుందని హెచ్చార్ మేనేజరు వెళ్లి, ఆ శాఖ ఖర్చులు ఎవరైనా అడిగారా అని అకౌంటెంటును వాకబు చేశాడు. ఖర్చులు తగ్గిస్తున్నారు కాబోలని అకౌంటెంటు వెళ్లి లాయరు చెవిన వేశాడు. గురువారం పొద్దున మెట్ల మీద లాయరు ఖండనమ్మను ఆపి గొంతు తగ్గించాడు.

"మీ శాఖ ఎత్తేస్తున్నారటగా? పాపం."

తన నోటినుంచి వెళ్లిన ప్రశ్నే మూడు గదులు తిరిగి, మీసాలు మొలిపించుకుని ఎదురొచ్చిందని ఆవిడ గుర్తుపట్టలేదు. కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న స్టూలు కూడా పోయేలా ఉంది. అలాంటప్పుడు ఆవిడకు తెలిసిన విద్య ఒక్కటే. పది నిమిషాల్లో రాసి, ఉద్యోగులందరికీ మెయిల్ పంపి, గేటు దగ్గర బోర్డు మీద కూడా అంటించింది. "మార్కెటింగ్, కమ్యూనికేషన్స్ శాఖను ఎత్తివేస్తున్నారన్న ప్రచారంలో ఎంతమాత్రం నిజం లేదు."

అప్పటిదాకా ఆ ప్రచారం తెలిసినవాళ్లు నలుగురు. పదకొండు గంటలకల్లా నాలుగువందల మందయ్యారు.

అందులోనూ ఆ కంపెనీలో ఖండనలకు ఒక చరిత్ర ఉంది. క్యాంటీన్ ఎత్తేయడం లేదని పైవాళ్లు రాయమంటే ఈవిడ రాసింది, నెల తిరక్కుండా క్యాంటీన్ పోయింది. షిఫ్టు వేళలు మారవని రాయమంటే రాసింది, అవీ మారాయి. తప్పు ఆవిడది కాదు గానీ సంతకం మాత్రం ఆవిడది.

"ఖండనమ్మ లేదందంటే ఉన్నట్టే," అని తేల్చేసింది కుట్టు విభాగంలో అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ. "ఇవాళ వాళ్ల శాఖ, రేపు మనది."

ఈ మాట ఖండనమ్మ చెవిన పడింది. శుక్రవారం పొద్దున గేటు దగ్గర రెండో ఖండన వెలిసింది. "ఏ శాఖనూ ఎత్తివేయడం లేదు. కంపెనీని అమ్మడం లేదు."

"అమ్ముతున్నారా!" అంది పెద్దక్క. పావుగంటలో కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. పరుపులు పంపుతారా, పంపరా అని డీలర్లు ఫోన్ల మీద ఫోన్లు. ఖండనమ్మ మూడోది రాయబోతుండగా ఎండీ మేడమ్ నుంచి పిలుపు వచ్చింది.

లోపలికి వెళ్లేసరికి కొత్తమ్మాయి అక్కడే ఉంది. నోటుబుక్కు ఎండీ మేడమ్ బల్ల మీద ఉంది. ఇంకేం, అయిపోయిందనుకుంది ఖండనమ్మ.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు," అంది ఎండీ మేడమ్. "ఇక్కడ కనీసం దొంగ అని కూడా ఎవరూ అనలేదు. మిమ్మల్ని ఖండించమని ఎవరడిగారండీ?"

ఖండనమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నన్నెవరు అడుగుతారు మేడమ్? ఈ అమ్మాయి రోజుకో బల్ల దగ్గర చేరి నా కింద గొయ్యి తవ్వుతుంటే చూస్తూ ఊరుకోనా?"

కొత్తమ్మాయి మొహం పాలిపోయింది. ఎండీ మేడమ్ నోటుబుక్కు ఇటు తిప్పింది. "ధరలు పెంచిన సంవత్సరం డీలర్లు జారిపోకుండా ఆపింది ఆవిడ ఉత్తరమే: అకౌంటెంటు." "ఆవిడ రాసిన ప్రకటనల మీద ఒక్క కేసూ రాలేదు: లాయరు." "ఇద్దరు హెడ్లకు పని నేర్పింది ఆవిడే, వాళ్లు చెప్పుకోలేదు గానీ: హెచ్చార్." ఇలా పన్నెండు పేజీలు.

"నేను చేరినరోజు మీరే చెప్పారు మేడమ్," అంది ఆ పిల్ల నేల చూపులు చూస్తూ. "ఈ రంగంలో ఆడవాళ్లు పని బాగా చేస్తే చాలదు, మనం లేని గదిలో మన గురించి మాట్లాడే మనిషి ఒకరుండాలన్నారు. మీకెవరున్నారా అని చూశాను. ఎవరూ కనిపించలేదు. చెబితే వద్దంటారని చెప్పలేదు."

ఖండనమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్లలో ఎవరూ తన కోసం ఒక పేజీ రాయలేదు. రాసిన ఒక్కదాన్నీ తాను దొంగను చేసింది. కొత్తమ్మాయి చేయి పట్టుకుంది.

"నిన్న ఇది చదివి మీ పేరు ఖాయం చేశాను. పొద్దున మీ రెండో నోటీసు చూసి కొట్టేద్దామనుకున్నాను," అంది ఎండీ మేడమ్. "కానీ ఈ కంపెనీలో జనం ఒక నోటీసును చివరిదాకా చదవడం ఇదే మొదటిసారి చూశాను. అదలా ఉంచండి. మీరు మాత్రం నన్ను ఇంతవరకూ అడగలేదు."

ఖండనమ్మ ముందు రెండు వాక్యాలూ మర్చిపోయింది. "ఆ పోస్టు నాకు ఇవ్వండి," అంది. గొంతు సన్నబడలేదు.

"ఇచ్చాను. కానీ ఏడాదిదాకా ఖండనలు రాయకూడదు. వెళ్లండి."

మధ్యాహ్నం పన్నెండింటికి ఎండీ మేడమ్ సంతకంతోనే ప్రకటన వెలిసింది. ఫలానావిడను శాఖ హెడ్‌గా నియమించామని. ఒక్కరూ నమ్మలేదు. పంపించేసేముందు పాపం మర్యాద చేస్తున్నారంది పెద్దక్క. హెచ్చార్ మేనేజరు వచ్చి, ధైర్యంగా ఉండండని ఓదార్చి వెళ్లాడు. అకౌంటెంటు, ఇంట్లోవాళ్లకు చెప్పారా అని అడిగాడు. వాకిట్లోంచి ఎవరూ కదల్లేదు, మిషన్లు తిరగలేదు.

మూడు గంటలకు ఎండీ మేడమ్ స్వయంగా ఫోన్ చేసింది. "ఇంకొక్కటి రాయండి. ఇదే ఆఖరు."

ఖండనమ్మ చెబుతుంటే కొత్తమ్మాయి టైపు చేసింది. "ఫలానావిడను హెడ్‌గా నియమించారన్న ప్రచారంలో ఎంతమాత్రం నిజం లేదు."

నాలుగున్నరకల్లా కంపెనీ మొత్తం వరసకట్టి వచ్చి ఆవిడను అభినందించింది.