ఎర్ర భుజాల చిలుకలు

ఆ ఆదివారం పొద్దున కళ్ళద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చోవాలి. జామచెట్టుకి వేలాడదీసిన ఇనుప గూట్లో గింజలకి చిలుకలు రావాలి. వాటిలో ఒక్కటైనా పెద్దచిలుక అనే అరుదైన జాతిది అయి ఉండాలి. అయిందా, ఆయన కళ్ళద్దాల షాపు నిలబడుతుంది. లేదా, షట్టరు దించేసి తాళం ఎదురు షాపాయనకే ఇచ్చేయడం మంచిది.

చిలుకకీ షాపుకీ ముడిపెట్టింది ఒక పచ్చ కవరు. కిందటి నెల పక్షి ప్రేమికుల సంఘంతో పార్కుకి వెళ్ళినప్పుడు ఆయన చెట్టు చిటారున చూసి, "పెద్దచిలుక!" అని గుసగుసలాడాడు. సంఘమంతా గడ్డిలో బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. గాలి వీచింది. పెద్దచిలుక బారెడు విచ్చుకుని, కూరగాయల దుకాణం పేరు చూపించింది. మర్నాటికల్లా ఆయన 'కవరు డాక్టరు' అయిపోయాడు. "కవరుకీ చిలుకకీ తేడా తెలియనాయన మన కళ్ళేం చూస్తాడు?" అనుకుంటూ జనం రోడ్డు దాటి ఎదురు షాపుకి వెళ్తున్నారు. ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ అక్షరాలు చూపించిన మనిషికి ఇదా మర్యాద?

పైగా తేడా పట్టుకోవడం ఏమంత సులువని! రామచిలుకా పచ్చనే, పెద్దచిలుకా పచ్చనే. రెండింటి ముక్కూ ఎర్రనే. మగవాటికి మెడలో పట్టీ ఒకటే. పెద్దచిలుక కాస్త భారీగా ఉంటుంది, కానీ పక్కన ఇంకోటి లేనిదే ఆ సంగతి తెలియదు. తిరుగులేని గుర్తు ఒక్కటే: పెద్దచిలుక భుజాల మీద ముదురు ఎరుపు మచ్చలుంటాయి.

మొదటి చిలుక వచ్చింది. కాకులు దూరకుండా పాత కిటికీ ఊచలతో ఆయనే చేయించిన గూడది. చిలుక రెండు ఊచల మధ్య ఒళ్ళు కుదించుకుని దూరింది. గింజలు తిని, మళ్ళీ అలాగే ఇరుక్కుంటూ బయటికొచ్చి కొమ్మ మీద కూర్చుంది.

భుజాల మీద ముదురు ఎరుపు మచ్చలు!

కాఫీ ఒళ్ళో ఒలికింది. ఆయనకి తెలియలేదు. ఫోన్ అందుకున్నాడు.

"మాస్టారూ, పెద్దచిలుక! మా పెరట్లో!"

"ఏ దుకాణానిదయ్యా?" అన్నాడు సంఘం అధ్యక్షుడైన డ్రిల్లు మాస్టారు. రిటైరై ఎన్నేళ్ళయినా ఆయన గొంతులో ఈల ఇంకా మోగుతూనే ఉంటుంది.

"రెక్కలున్నాయండీ! ఎగురుతోంది! వచ్చి చూసి అప్పుడు మాట్లాడండి!"

కాసేపట్లో సంఘమంతా పెరట్లో దిగింది. వాళ్ళలో ఎదురు షాపాయన కూడా ఉన్నాడు, మెడలో మోచేయంత బైనాక్యులర్‌తో. "నవ్వకుండా చూడాలంటే కష్టమేనండీ" అని వచ్చీరాగానే పుండు మీద కారం చల్లాడు.

డ్రిల్లు మాస్టారు దగ్గరగా చూడాలని వెళ్ళి గూటికి భుజం ఆనించి నిలబడ్డాడు. "నిశ్శబ్దం! ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు. ఆ అరుపుకి ఉన్న చిలుకలన్నీ ఎగిరిపోయాయి. అందరూ మళ్ళీ మెట్ల దగ్గరికి చేరాక గానీ తిరిగి రాలేదు. వచ్చినవి వచ్చినట్టు గూట్లో దూరాయి. బయటికి వచ్చిన ప్రతిదానికీ భుజాలు ఎర్రగానే ఉన్నాయి.

"ఒక్కటి కాదయ్యా, గుంపు గుంపంతా!" మాస్టారు చేతులు జోడించాడు. "కవరు సంగతి మర్చిపో. నీ కళ్ళకి దండం పెట్టాలి."

కళ్ళద్దాలాయన ఎదురు షాపాయన వైపు తిరిగాడు. "చూశారా? నవ్వొస్తోందా?"

ఎదురు షాపాయన బైనాక్యులర్ దించకుండా, "మచ్చ చాలా స్పష్టంగా ఉందండీ. ఈకల మొదళ్ళ దాకా ఎరుపే" అన్నాడు. ఒప్పుకుంటూనే తనదే పైచేయి అనిపించుకోవాలిగా మరి.

అప్పుడు గూట్లోంచి ఒక ఉడత బయటికి వచ్చింది. దాని వీపు మీది చారలు ఎర్రగా ఉన్నాయి.

అందరి తలలూ ఒక్కసారిగా అటు తిరిగాయి.

"ఎర్రచారల ఉడత!" అన్నాడు డ్రిల్లు మాస్టారు, గుండె మీద చెయ్యేసుకుని. "ఇది ఎవరూ చూసి ఉండరు. కొత్త జాతి!"

"నేనూ అదే అనబోతున్నాను" అన్నాడు ఎదురు షాపాయన.

మాస్టారు అప్పటికే పత్రిక విలేకరికి ఫోన్ చేసేశాడు. సంఘం పేరు, ఉడతకి తన పేరు పెట్టే ఏర్పాటు, అన్నీ చెప్పేశాడు. కళ్ళద్దాలాయన మాత్రం కొంచెం తడబడ్డాడు. చిలుక సరే. ఉడత ఏమిటి? అంతలో గోడ మీద పక్కింటి పిల్లి కనబడింది. దాని కుడి చెవి ఎర్రగా ఉంది.

వంటింటి తలుపు దఢేల్మని తెరుచుకుంది. కళ్ళద్దాలాయన భార్య చేతిలో బ్రష్షుతో బయటికొచ్చి, గూటి వంక చూసి తాడెత్తున లేచింది.

"నిన్న సాయంత్రం నడుం విరిగేలా గూటికి రంగు వేశాను! సగం ఊచలకి రంగే లేదు! ఎవరయ్యా చెయ్యి పెట్టింది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, డ్రిల్లు మాస్టారు భుజం తడుముకున్నాడు. అరచెయ్యి ముదురు ఎరుపుగా వచ్చింది.

"రంగేమిటే?" అన్నాడు కళ్ళద్దాలాయన నీరసంగా.

"తుప్పు నీళ్ళు కారి ఉతికిన దుప్పట్లన్నీ మరకలు! మా తమ్ముడి కొట్లో పాత డబ్బా ఉంటే తెచ్చి వేశాను. వెధవ రంగు, రాత్రంతా ఆరబెట్టినా ఆరలేదు. ఇందాకటి నుంచీ అక్కడే కూర్చున్నారుగా, మీకు కనపడలేదూ?"

తుప్పు రంగు గూడు ముదురు ఎరుపు గూడయింది. ఆ తేడా ఆయనకి కనపడలేదు.

"మోసం!" డ్రిల్లు మాస్టారు గొంతులో ఈల మళ్ళీ మోగింది. "రంగు పూసిన చిలుకల్ని చూపించి మా పరువు బజారుకెక్కిస్తావా? విలేకరికి ఏం చెప్పుకోను? రేపట్నుంచి నీ షాపు గడప ఎవడు తొక్కుతాడో చూస్తా!"

"నేను పూయలేదండీ! నాకేం తెలుసు?"

"తెలియకపోతే ఇంకా ఘోరం" అన్నాడు ఎదురు షాపాయన.

"ఈకల మొదళ్ళ దాకా అన్నది ఎవరండీ?" అని కళ్ళద్దాలాయన భార్య అడిగింది. తలుపు వెనక నుంచి అంతా వింటూనే ఉందన్నమాట. ఎదురు షాపాయన బైనాక్యులర్‌కి మూత పెట్టుకున్నాడు.

అందరూ విసవిసా వీధి గేటు వైపు నడిచారు. సరిగ్గా అప్పుడు మరో చిలుక వచ్చి గూటి కప్పు మీద వాలింది. భుజాలు ఎర్రగా ఉన్నాయి. తల ఊచల మధ్య పెట్టింది. ముక్కు లావు. భుజాలు అడ్డుపడ్డాయి. మళ్ళీ ప్రయత్నించింది. పట్టలేదు. లోపలున్న రామచిలుకలు దాని ముందు పిల్లల్లా ఉన్నాయి.

"మాస్టారూ, ఆగండి! ఇది దూరలేదు! గూట్లోకి వెళ్ళనిదానికి రంగెలా అంటుతుంది?"

"నువ్వు పెంచే పిల్లికి ఆ లెక్కలు చెప్పు" అన్నాడు మాస్టారు, వెనక్కి తిరక్కుండానే.

"పిల్లి నాది కాదు! పక్కింటివాళ్ళది!" అని కళ్ళద్దాలాయన అరిచాడు. ఆ పూట ఆయన చెప్పిన నిజాల్లో ఎవరూ కాదనలేనిది అదొక్కటే.

మర్నాడు షాపులో ఈగ కూడా వాలలేదు. సాయంత్రం వెనక సందు తలుపు మెల్లగా తెరుచుకుంది. డ్రిల్లు మాస్టారు.

"కళ్ళు చూడు."

మాస్టారు గోడ మీది అక్షరాల అట్టని కింది వరుస దాకా తడుముకోకుండా చదివేశాడు. దాని కింద అచ్చు వేసినవాడి చిరునామా కూడా చదివాడు.

"మీ చూపు బంగారం మాస్టారూ. అద్దాలు అక్కర్లేదు."

"అక్కర్లేదంటే ఎలాగయ్యా?" మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "కళ్ళు బాగుంటే ఉడతని కొత్త జాతి అన్నది ఎవరు? నేను! అంటే లోపం బుర్రలో ఉందనుకోరూ ఊళ్ళో వాళ్ళు? అద్దాలు రాస్తావా, రాయవా?"

"ఎదురు షాపుకి వెళ్ళచ్చుగా?"

"ఆయన కూడా ఉడతని ఒప్పుకున్నాడుగా! ఆయన చేత కళ్ళు చూపించుకుంటే ఎవడు నమ్ముతాడు?"

కళ్ళద్దాలాయన ఒక ఫ్రేము తీసి తుడిచాడు. "పవరు లేని అద్దాలిస్తాను. కానీ వచ్చే ఆదివారం అవి పెట్టుకుని మా పెరట్లో కూర్చోవాలి."

ఆదివారం మాస్టారు కొత్త అద్దాలతో వచ్చాడు. వెనక సంఘమంతా ఉంది. గూడు తుడిపించి, ఎండిందని తడిమి చూసుకుని మరీ కూర్చున్నారు. పెద్దచిలుక వచ్చి కప్పు మీద వాలి, భుజాలు పట్టక విసుక్కుంది. మాస్టారు అద్దాలు సర్దుకున్నాడు.

"పెద్దచిలుక! సందేహం లేదు. ఈ అద్దాలు పెట్టుకున్నాక ప్రతి ఈకా కనిపిస్తోందయ్యా!"

మిగతావాళ్ళు మాస్టారి అద్దాల వంక చూశారు. ఆ వారమంతా వెనక సందు తలుపు మూతపడలేదు. చివరికి వచ్చిన మనిషి మెడలో బైనాక్యులర్ ఉంది.

ఆ సాయంత్రమే కళ్ళద్దాలాయన భార్య గూటిని వరండాలోకి తెచ్చి, పూర్తిగా ఆరేదాకా బయట పెట్టనని ఒట్టు పెట్టుకుని, రెండో కోటు వేసింది. చిలుకలకి అంటినా కనపడకుండా, ఈసారి ఆకుపచ్చ.