ముత్యాల్లాంటి అర్జీ

ఒక పెద్ద అడవిలో, ఇరుకైన బస్తీలో, చిన్న బడిలో కూర్మయ్య అనే తాబేలు హెడ్మాస్టరుగా ఉండేవాడు. తన దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ఆయన ఎవరితోనూ గొప్పలు చెప్పుకునేవాడు కాదు. నలుగురు తిరిగే చోట రాసిన కాగితం పరిచి, వాళ్లంతట వాళ్లే ఆ మాట అనేదాకా ఓపిగ్గా కూర్చునేవాడు. దీన్నే వినయం అంటారని ఆయన నమ్మకం.

ఆ అడవికి పట్నం లాంటిది ఈ బస్తీ. మేత వెతుక్కుంటూ నలుమూలల నుంచి వచ్చిన జంతువులు ఇక్కడే ఇరుక్కున్నాయి. చోటు చాలక వాగు అవతల కొత్త కాలనీ కూడా వెలిసింది. బడి మాత్రం ఒక్కటే. తొంభైమంది పిల్లలు, ఇద్దరు పంతుళ్లు. చదువు చెప్పడానికి కూర్మయ్య, ఈత నేర్పడానికి బాతు నీలవేణి. వానలు పడేలోగా ఈత రాకపోతే అవతలి ఒడ్డు పిల్లలకు వాగు దాటే దారి లేదు, బడీ లేదు.

"ఉన్నవి రెండు రెక్కలు సార్, తొంభైమందిని ఎలా కాచుకోను?" అంది నీలవేణి ఒకరోజు. "నిన్న పందికొక్కుల పిల్లాడు మూడు గుటకలు నీళ్లు మింగాక గాని చూడలేదు. ఇంకొక్క టీచర్ని అడగండి."

కూర్మయ్య మూడు రోజులు కూర్చుని అర్జీ రాశాడు.

విద్యాధికారి భల్లూకరావు అనే ఎలుగుబంటి దాన్ని చదివి కళ్లు తుడుచుకున్నాడు. "బడుల్లో పంతుళ్లు చాలకపోవడం దారుణం. వెంటనే ఒక నియామకాల విభాగం పెట్టండి."

"అందులో పని చేసేదెవరండీ?" అంది గుమస్తా ముంగిస.

"బడి కష్టం తెలిసినవాళ్లే చెయ్యాలి. పంతుళ్లని డెప్యుటేషన్ మీద పట్టుకురా."

అలా నీలవేణి ఆఫీసుకు వెళ్లిపోయింది.

కూర్మయ్య రెండో అర్జీ రాశాడు. అది మొదటిదాని కంటే బాగా కుదిరింది. అదే కొంప ముంచింది. భల్లూకరావు దాన్ని మీటింగులో పైకి చదివించి, "ఇలాంటి చెయ్యి బడిలో పడి ఉండటమేమిటి?" అన్నాడు. వారం తిరక్కుండా కూర్మయ్యకూ ఆర్డరు వచ్చింది.

లోపల కూర్చుంటే మన ఫైలు మనమే కదుపుకోవచ్చులే అనుకుని, పిల్లల్ని ఒకర్నొకరు చూసుకోమని చెప్పి కూర్మయ్య బయల్దేరాడు.

ఫైలు నిజంగానే ఆయన బల్ల మీదికి వచ్చింది. "మా బడికి ఇద్దర్ని పంపుదామండీ," అన్నాడు ఆశగా.

ముంగిస రిజిస్టరు తిరగేసింది. "మీ బడికి పోస్టులు రెండు. ఒకదాంట్లో నీలవేణమ్మ, ఒకదాంట్లో తమరు. రెండూ నిండే ఉన్నాయి."

"మేం ఇక్కడున్నాం కదా."

"కూర్చోవడం ఇక్కడ. ఉండటం అక్కడే. కాకపోతే మీ మేత ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నారు?"

కూర్మయ్య నిట్టూర్చి కలం అందుకున్నాడు. 'ఖాళీలు లేనందున తమ విన్నపమును అంగీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము' అని తన అర్జీకి తనే జవాబు రాశాడు. రాశాక సిగ్గేసింది. అయినా కాగితం దూరంగా పట్టుకుని చూసుకుని, పక్క బల్ల దగ్గరున్న నీలవేణికి కూడా చూపించాడు.

"పిల్లల్ని ముంచారు సార్," అంది నీలవేణి. "అక్షరాలు మాత్రం చక్కగా తేలుతున్నాయి."

పదిహేను రోజులకు వాన పట్టుకుంది. ఒక కుందేలు తడిసి ముద్దయి ఆఫీసుకు వచ్చింది. జాతి కుందేలైనా పేరు సింహాచలమ్మ. కాలనీలో ఆవిడ నోటికి తోడేళ్లు కూడా పక్కకి తప్పుకుంటాయి.

"కొండ చుట్టూ తిరిగి రెండు రోజులు నడిచొచ్చాను పంతులుగారూ. మా కాలనీ పిల్లలు ముప్పైమందీ గట్టు మీద కూర్చుని వాగు చూస్తున్నారు. బడి కనబడుతోంది గాని పోవడానికి లేదు." బడి తలుపుకి అంటించి ఉంటే దారిలో పీక్కొచ్చిన జవాబు బల్ల మీద పెట్టింది. "ఇది రాసిన మహానుభావుణ్ణి చూపించండి. నాలుగు దులిపేసి పోతాను."

కూర్మయ్య తల పెంకులోకి పోయింది. "నేనేనమ్మా," అన్నాడు లోపల్నుంచే.

సింహాచలమ్మ తడిసిన చెవులు మాత్రం దులుపుకుంది. తరువాత మెల్లిగా అడిగింది. "మీకూ ఈత వచ్చు కదండీ?"

"వచ్చమ్మా."

"ఏమో, రాయడమొక్కటే వచ్చనుకున్నా."

కూర్మయ్య తిన్నగా భల్లూకరావు గదికి నడిచాడు. "నన్నూ నీలవేణినీ బడికి పంపించెయ్యండి. ముప్పైమందికి చదువు ఆగిపోయింది."

"ముప్పైమంది తగ్గారా?" భల్లూకరావు మొహం విప్పారింది. "అయితే మిగిలింది అరవై. అరవైకి ఇద్దరు పంతుళ్లు సరిపోతారు. ఇద్దరూ రిజిస్టర్లో ఉండనే ఉన్నారు. ఇన్నాళ్లకి నీ బడి కొరత తీరిందయ్యా. అయినా పోతానంటావా, సరే, ఆ ముక్క కాగితం మీద రాసివ్వు."

ఈసారి కూర్మయ్య జాగ్రత్తపడ్డాడు. బాగా రాస్తే వచ్చే తిప్పలు తెలిసొచ్చాయి గనక, అక్షరాలు వంకరగా పెడదామని ఎడమ చేత్తో మొదలుపెట్టాడు. రెండో వరస నుంచి ఎడమ చెయ్యి కూడా కుదురుగా రాసింది.

ఆ విన్నపానికి అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. 'ఇట్టి ఉద్యోగిని వదులుకొనుట కుదరదు' అని దాని కింద భల్లూకరావు స్వహస్తాలతో కోడి కెలికినట్టు రాశాడు.

నీతి: బడికి పంతులు కావాలంటే అర్జీ వంకరగా రాయాలి, కూర్మయ్యకు ఆ విద్య ఇప్పటికీ పట్టుబడలేదు.