తిరిగే కోళ్లకు ఇరవై రెండు దారాలు

ఉదయం ఏడుంబావుకు వ్యవసాయ శాఖ అధికారి దగ్గరుండి రైతమ్మ తోటలో పురుగుమందు కొట్టించారు. అది మూడేళ్లుగా మందు ఎరగని నేల అని పది గంటలకు మంత్రిగారు వచ్చి ప్రకటించాలి.

సేంద్రియ సర్టిఫికెట్ వస్తే ఊళ్లోని పెద్ద దుకాణం రైతమ్మ ఆకుకూరలు, గుడ్లు తీసుకుంటుంది. రాకపోతే తీసుకోదు. ఆ మూడేళ్లు ఆమె పురుగుల్ని చేత్తో ఏరింది, మిగిలినవి కోళ్లకు వదిలింది.

ఆమె పరుగున వచ్చేసరికి స్ప్రేయర్ సగం ఖాళీ అయింది.

“అయ్యయ్యో, ఏం కొడుతున్నారు సార్?”

“కంగారు పడకమ్మా. మంత్రిగారికి పురుగులంటే పడదు. పోయినసారి గొంగళిపురుగు భుజమెక్కితే ప్రసంగం మధ్యలోనే కారెక్కేశారు.”

“పురుగుల్లేకపోతే నా కోళ్లేం తింటాయి?”

“ఒక్క పూటేగా! రేపట్నుంచి మళ్లీ సేంద్రియమే.”

తొమ్మిదిన్నరకు కోళ్లను వదిలారు. నేల మీద ఏరుకోవడానికి ఏమీ లేదు. ఇరవై రెండూ వెనక్కి తిరిగి షెడ్డులో కూర్చున్నాయి. మంత్రిగారి ప్రసంగంలో రెండో పేజీ నిండా కోళ్ల స్వేచ్ఛే ఉంది.

“గింజలు చల్లమ్మా, వస్తాయి.”

“మందు పడ్డ మట్టిలోనా? తిని చస్తాయి సార్.”

అధికారి జీవకారుణ్యం ఉన్న మనిషి. గింజలు వద్దన్నారు. కారులోంచి ఫైళ్లు కట్టే దారపుండ తెప్పించి, ఒక్కో కోడినీ ఒక్కో మేకుకు కట్టించారు. స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కనబడాలని మూరెడు దారం వదిలారు.

మంత్రిగారు పదకొండున్నరకు వచ్చారు. ఆకులు తిప్పి చూశారు.

“ఒక్క పురుగైనా ఉందా? మందు మానేస్తే పురుగే రాదు. రాసుకోండి!”

విలేకరులు రాసుకున్నారు. మంత్రిగారు కోళ్ల వైపు నడిచారు.

“స్వేచ్ఛ ఇచ్చి చూడండి, ఎక్కడికీ పోవు!”

అప్పుడే ఒక కోడి మేకు పీక్కుని, కంచె దూకి పారిపోయింది.

“అదేంటయ్యా?”

“పక్క తోటది సార్. రసాయనాల కోడి.”

సర్టిఫికెట్ కోసం ల్యాబ్ పరీక్షకు పంపాల్సిన పాలకూరను మంత్రిగారే స్వహస్తాలతో కోశారు. కెమెరాల కోసం రెండుసార్లు కోశారు.

“ఆ ఆకు వద్దు సార్!” అంది రైతమ్మ.

“వినయం సార్,” అన్నారు అధికారి. ఆకు వేసిన సంచికి సీలు పడింది.

పన్నెండో రోజున రైతమ్మకు ఉత్తరం వచ్చింది. ఆకుల్లో పురుగుమందు అవశేషాలు ఉన్నందున సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదు. మూడేళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు. కార్యక్రమానికి వాడిన ఇరవై రెండు దారాలు ఆఫీసు ఆస్తి కాబట్టి వారం లోపు అప్పగించాలి. కింద అధికారి సంతకం ఉంది.

మర్నాడు రైతమ్మ ఆఫీసుకు వెళ్లి ఇరవై ఒక్క దారాలు అప్పగించింది. ఇరవై రెండోది కోడి కాలికే ఉంది. కోడి ఇంకా దొరకలేదు.